"అమెరికాకు చరిత్ర 250 ఏళ్లే" అన్న మాట ఇక ఆపించండి: ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, మహాసభల సాంస్కృతిక కమిటీల వారికి, వారాంతపు తెలుగు బడులు నడిపే టీచర్లకు నమస్కారం.

మన వేదికల మీద ఏళ్ల తరబడి వింటున్న ఒక మాట గురించి ఈ ఉత్తరం. "ఈ దేశానికి చరిత్ర ఎంతండీ, రెండొందల యాభై ఏళ్లు. మనది అయిదు వేల ఏళ్ల నాగరికత!" జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనాగీతం అయ్యాక వచ్చే మొదటి రెండు మూడు ఉపన్యాసాల్లో ఎక్కడో ఒకచోట ఇది పడుతుంది. పడగానే చప్పట్లు. అన్నది ఇండియా నుంచి వచ్చిన ముఖ్య అతిథి కావచ్చు, ముప్పై ఏళ్లుగా ఇక్కడే ప్రాక్టీసు చేస్తున్న డాక్టరుగారు కావచ్చు. 2026 జూలై 4తో ఇక్కడి స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు గనుక, ఈ మాట బ్యానర్ల మీదికీ సావనీర్ ముందుమాటల్లోకీ కూడా ఎక్కుతుందని నా భయం.

1776 ఒక ప్రభుత్వం పుట్టిన సంవత్సరం. ఆ లెక్కే పట్టుకుంటే ఇండియా 1947లో పుట్టింది, తెలంగాణ 2014లో పుట్టింది. మన ముందు ఎవరైనా అలా అంటే ఊరుకుంటామా? శాతవాహనుల నుంచి మొదలుపెట్టి కాకతీయుల మీదుగా విజయనగరం దాకా ఏకరువు పెట్టమూ?

పోనీ, ఆ అయిదు వేల అంకె మీదే పట్టుదలైతే లూసియానాలో వాట్సన్ బ్రేక్ అనే చోటు ఉంది. కోడిగుడ్డు ఆకారంలో వరసగా కట్టిన పదకొండు మట్టిదిబ్బలు. వయసు దాదాపు 5,400 ఏళ్లు, అంటే ఈజిప్టు పిరమిడ్ల కంటే ముందువి. కట్టినవాళ్లకు వ్యవసాయం లేదు. వేటాడి, చేపలు పట్టి, కాయలూ గింజలూ ఏరుకుని బతికినవాళ్లు. అదే రాష్ట్రంలో పావర్టీ పాయింట్ దగ్గర, సుమారు 3,400 ఏళ్ల కిందట, ఒకదాని చుట్టూ ఒకటిగా ఆరు అర్ధవృత్తాల కట్టలు పోశారు. ముందు వ్యవసాయం, ఆ తర్వాత ఊళ్లు, ఆ తర్వాతే పెద్ద కట్టడాలు అని మనం స్కూల్లో చదువుకున్న వరసను ఈ రెండు చోట్లూ తిరగేశాయి. ప్రపంచంలోని పురావస్తు శాస్త్రజ్ఞులు వీటి గురించి తలలు పట్టుకుంటుంటే, మనం మాత్రం రెండొందల యాభై దగ్గరే ఆగిపోయాం.

సెయింట్ లూయిస్ వెళ్లిన మనవాళ్లంతా గేట్‌వే ఆర్చ్ ఎక్కి ఫొటోలు దిగుతారు. తప్పులేదు. కానీ మిసిసిపీ నది దాటి ఇంకో ఎనిమిది మైళ్లు పోతే ఇల్లినాయ్ వైపు కహోకియా వస్తుంది. వరంగల్‌లో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించిన 1163లో ఇక్కడ ఒక మహానగరం నడుస్తోంది. పది నుంచి ఇరవై వేల మంది ఉండేవారని అంచనా. నగరం చుట్టుపక్కల దాదాపు 120 మట్టిదిబ్బలు. అన్నిటికంటే పెద్దదాన్ని ఇప్పుడు మాంక్స్ మౌండ్ అంటున్నారు. 1800ల మొదట్లో కొందరు క్రైస్తవ సన్యాసులు అక్కడ కొన్నాళ్లు ఉన్నారట, అందుకని ఆ పేరు. కట్టినవాళ్ల పేరు దానికి దక్కలేదు.

ఆ దిబ్బ పరుచుకున్న నేల 14 ఎకరాలు. ఎత్తు వంద అడుగులు. పోసిన మట్టి దాదాపు 2 కోట్ల 20 లక్షల ఘనపుటడుగులు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి లేదు. మట్టి అంతా మనుషులే తట్టలతో మోశారు. ఇలాంటి దిబ్బల్ని నిలువుగా కోసి చూస్తే నల్లమట్టి, పసుపు మట్టి, బూడిదరంగు మట్టి ముద్దలు ముద్దలుగా, పక్కపక్కనే కనిపిస్తాయి. ఒక్కో ముద్ద ఒక్కో తట్ట. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఎవరో మోసుకొచ్చి బోర్లించిన ఒక్క తట్ట మట్టి, దాని ఆకారం కూడా చెదరకుండా అలాగే ఉంది. అలాంటివి కోటికి పైగా పోస్తే గానీ ఆ దిబ్బ లేవదు. ఇల్లినాయ్‌లో కురిసే వానలకు వట్టి బంకమట్టి గుట్ట పోస్తే కొన్నేళ్లలోనే జారిపోతుంది. వాళ్లు బంకమట్టినీ ఇసుకమట్టినీ పొరలు పొరలుగా వేసి, లోపల చేరిన నీళ్లు బయటికి పోయేలా చూసుకున్నారు. మన సంఘాల్లో సివిల్ ఇంజనీర్లకు కొదవ లేదు కదా, వాళ్లను తీసుకెళ్లి చూపించండి. ఉపన్యాసం అక్కర్లేదు, వాళ్లే చెబుతారు.

దిబ్బ ముందు 40 ఎకరాలకు పైగా నేలను చదును చేసి మైదానం చేశారు. చుట్టూ రెండు మైళ్ల పొడవున కర్రల కోటగోడ. 1961లో హైవే వేయబోతూ ముందుగా తవ్వి చూస్తే వలయాకారంలో పెద్ద పెద్ద గుంటలు బయటపడ్డాయి. ఎర్ర దేవదారు దుంగలు పాతిన గుంటలవి. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున వలయం నడుమ నిలబడి చూస్తే సూర్యుడు ఆ పెద్ద దిబ్బ దగ్గర నుంచే పైకి వస్తాడు. 

అన్నీ మెచ్చుకోవలసినవే అని నేననడం లేదు. 72వ నంబరు దిబ్బలో ఒక పెద్దమనిషిని ఇరవై వేల గవ్వపూసలు పరిచి పడుకోబెట్టారు. ఆ గవ్వలు వచ్చింది మెక్సికో సింధుశాఖ నుంచి. అదే దిబ్బలో ఒక గుంటలో యాభై మందికి పైగా పడుచు ఆడపిల్లల ఎముకలు వరసగా పేర్చి ఉన్నాయి. బలి అనే అంటున్నారు. రాజులూ, పూజారులూ, పెత్తనాలూ, క్రూరత్వమూ ఉన్న నిజమైన నగరం అది. మన రాజుల కథల్లోని యుద్ధాలనూ సతీసహగమనాలనూ పక్కనపెట్టి గుళ్ల గురించి చెప్పుకుంటామే, వీళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "వాళ్లు నరబలులు ఇచ్చేవాళ్లండీ" అని ఒక్క వాక్యంతో మూసేస్తాం. ఈ మాట నేను మన కమిటీ మీటింగుల్లోనే విన్నాను.

నదికి అవతల, సెయింట్ లూయిస్ నగరంలోనూ దిబ్బలుండేవి. ఒకప్పుడు ఆ ఊరి ముద్దుపేరే మౌండ్ సిటీ. వాటిలో పెద్దదాన్ని 1869కల్లా పూర్తిగా తవ్వేసి, ఆ మట్టిని రైలుమార్గానికి పోసుకున్నారు. మనకిది కొత్త కథేమీ కాదు. అమరావతి బౌద్ధస్తూపం దీపాలదిన్నెను ఇళ్లకూ సున్నానికీ రాళ్ల కోసం తవ్వుతుండగానే 1797లో కంపెనీ అధికారి మెకంజీ వెళ్లి చూశాడు. మిగిలింది ఇప్పుడు చెన్నైలో కొంత, లండన్‌లో కొంత. సెయింట్ లూయిస్ నగరంలో చివరికి షుగర్‌లోఫ్ అనే ఒక్క దిబ్బే మిగిలింది. 2009లో ఒసేజ్ అనే ఆదివాసీ జాతి వాళ్లు అందులో భాగాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నారు. తమ పూర్వీకుల దిబ్బను మార్కెట్ రేటుకు రియల్ ఎస్టేట్‌లా కొనుక్కోవలసి వచ్చింది వాళ్లకు.

ఇక మా ఒహాయో. కొలంబస్‌లో ఇన్ని వేల తెలుగు కుటుంబాలున్నాయి. తూర్పుకు గంట లోపు డ్రైవ్‌లో ఉన్న న్యూఆర్క్‌లో ఏముందో అడిగితే ఏదో మాల్ పేరు చెప్పేవాళ్లే ఎక్కువ. అక్కడ ఉన్నది ప్రపంచంలోకెల్లా పెద్ద జ్యామితి మట్టికట్టడాల్లో ఒకటి. కట్టింది ఇంచుమించు రెండు వేల నుంచి పదహారు వందల ఏళ్ల కిందట, అంటే కృష్ణా తీరంలో అమరావతి, నాగార్జునకొండ స్తూపాలు వెలిగిన కాలం. కట్టిన సంస్కృతికి పండితులు పెట్టిన పేరు హోప్‌వెల్. ఎనిమిది వైపులా మట్టిగోడలతో 50 ఎకరాల అష్టభుజి. రెండు సమాంతర గోడల మధ్య సన్నటి దారి. ఆ దారి చివర 20 ఎకరాల వృత్తం. ఆ వృత్తం అడ్డుకొలత 1,054 అడుగులు. అరవై మైళ్ల దూరంలో చిల్లికోతె దగ్గర హై బ్యాంక్ అనే చోట ఇలాంటిదే ఇంకో వృత్తం ఉంది. దాని కొలతా 1,054 అడుగులే. పైగా ఈ రెండింటి అక్షాలు ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి. కాగితం లేదు, లోహపు గొలుసు లేదు, మధ్యలో అడవులూ వాగులూ. ఎలా కొలిచారన్నది వదిలేసినా, కొలిచారన్నది మాత్రం కాదనలేం.

అష్టభుజి లోపల నిలబడితే ఒక సంగతి కనిపిస్తుంది. ఎనిమిది మూలలా గోడ తెగి, దారి ఉంటుంది. ప్రతి దారికీ ఎదురుగా, లోపలి వైపు, ఒక పొట్టి దిబ్బ అడ్డం. ఇంటి గుమ్మం ఎదురుగా అడ్డుగోడ కట్టినట్టు. బయటి నుంచి చూస్తే లోపల ఏం జరుగుతోందో కనపడదు. మొదటిసారి చూసినప్పుడు కోట అనిపించింది నాకు. రక్షణ కోసమైతే గోడలు ఆరడుగులు కడతారా?

అసలు విషయం చంద్రుడిది. సూర్యుడు ఏడాదిలో ఉత్తరం నుంచి దక్షిణానికీ మళ్లీ ఉత్తరానికీ జరుగుతూ ఉదయిస్తాడు, అందరికీ తెలుసు. చంద్రుడు ఆ పని నెలలోనే చేస్తాడు. కానీ ఎంత ఉత్తరం దాకా పోతాడన్న హద్దు కూడా నెమ్మదిగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ హద్దు ఒక చుట్టు పూర్తి చేయడానికి 18.6 ఏళ్లు. పంచాంగం చూసేవాళ్లకు ఇది బాగా తెలిసిన లెక్క. రాహుకేతువులు రాశిచక్రం ఒక్కసారి చుట్టి రావడానికి పట్టే కాలమే ఇది, ఎందుకంటే చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువులే మన రాహుకేతువులు. న్యూఆర్క్‌లో వృత్తం నుంచి అష్టభుజి నడుమగా గీత గీస్తే, ఆ గీత సరిగ్గా చంద్రుడు అతి ఉత్తరాన ఉదయించే చోటును చూపిస్తుంది. ఎర్ల్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పిన రే హైవ్లీ, రాబర్ట్ హార్న్ అనే ఇద్దరు ఈ సంగతి లెక్కలతో తేల్చి 1982లో అచ్చువేశారు. పద్దెనిమిదిన్నరేళ్ల చుట్టు ఒకటికి రెండుసార్లు చూసి నమ్మకం కుదరాలంటేనే ముప్పై ఏడేళ్లు పడుతుంది. తాత చూసింది మనవడికి చెప్పాలి, మనవడు నిలబడి సరిచూడాలి. రాత లేకుండా ఇది తరాల మీద నిలిచింది.

ఇంతటి చోటును ఏం చేశారో తెలుసా? 1910 నుంచి ఒక ప్రైవేటు గోల్ఫ్ క్లబ్బుకు లీజుకిచ్చారు. రెండు వేల ఏళ్ల గోడల మీదుగా బంతులు కొట్టుకున్నారు. మామూలు జనానికి అష్టభుజి మొత్తం తిరిగి చూసే వీలు ఏడాదిలో ఏవో కొద్ది రోజులే. కోర్టుల్లో ఏళ్ల తరబడి నడిచి, 2022 డిసెంబరులో ఒహాయో సుప్రీం కోర్టు ఆ లీజును ప్రజల కోసం వెనక్కి తీసుకోవచ్చని తేల్చింది. 2023లో ఒహాయోలోని ఎనిమిది హోప్‌వెల్ స్థలాలకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఈస్టర్న్ షానీ జాతి నాయకురాలు గ్లెన్నా వాలెస్ గారు దీనికోసం ఏళ్ల తరబడి గొంతెత్తారు. ఆమె పూర్వీకులను 1830ల్లో ఇదే ఒహాయో నుంచి ఓక్లహామా వైపు తరిమారు. 2025 జనవరి 1 నుంచి అష్టభుజి రోజూ అందరికీ తెరిచే ఉంటోంది. టికెట్ కూడా లేదు. మనవాళ్లు ఫ్రీ అంటే వదలరు కదా, ఇది మాత్రం ఎలా వదిలేశారో.

తరమడం అన్నాను. ఇక్కడే మీతో గట్టిగా మాట్లాడవలసిన విషయం ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ దిబ్బలు చూసిన తెల్లవాళ్లలో చాలామంది ఇవి ఇక్కడివాళ్లు కట్టారంటే ఒప్పుకోలేదు. ఏదో మాయమైపోయిన గొప్ప జాతి కట్టిందన్నారు. ఇజ్రాయెల్ నుంచి తప్పిపోయినవాళ్లన్నారు, వేల్స్ వాళ్లన్నారు, అట్లాంటిస్ అన్నారు. ఒహాయోలోని సర్కిల్‌విల్ ఊరి పోస్ట్‌మాస్టర్ కేలెబ్ ఆట్‌వాటర్ 1820లో ఏమన్నాడో తెలుసా? వీటిని కట్టింది ఇండియా నుంచి వచ్చిన హిందువులన్నాడు! టెనెస్సీలో దొరికిన మూడు తలల మట్టిపాత్ర ఒకటి చూసి, ఇది బ్రహ్మ విష్ణు మహేశ్వరులే కదా అని కూడా రాశాడు. మనకు ఛాతీ ఉబ్బాలేమో. కానీ ఆ మాటల వల్ల ఏం జరిగిందో చూడండి. ఇప్పుడున్న ఆదివాసీలు ఆ గొప్పవాళ్లను చంపి వచ్చిన అనాగరికులు, వీళ్లను ఖాళీ చేయిస్తే పాపమేమీ లేదు అన్న వాదానికి అదే ఊతమైంది. 1830లో ఆదివాసీలను తూర్పు నుంచి వెళ్లగొట్టే చట్టం వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ప్రెసిడెంటు ఆండ్రూ జాక్సన్ కాంగ్రెసుకు పంపిన సందేశంలో, ఒకప్పటి గొప్ప జాతి మాయమై ఈ తెగలకు చోటిచ్చింది, ఇప్పుడు వీళ్ల వంతు అన్న ధోరణిలోనే వాదించాడు. పురావస్తు పరిశోధకుడు సైరస్ థామస్ వేల దిబ్బలను పరిశీలించి, ఇవి ఇక్కడి ఆదివాసీల పూర్వీకులు కట్టినవేనని 1894లో నివేదిక ఇచ్చేసరికి ఆ నేల చేతులు మారి రెండు తరాలైంది.

సర్కిల్‌విల్ పేరు ఎందుకొచ్చిందో కూడా చెప్పేస్తాను. 1810లో ఆ ఊరిని ఒక హోప్‌వెల్ మట్టివలయం లోపలే, గుండ్రటి వీధులతో కట్టారు. తర్వాత గుండ్రటి స్థలాలు అమ్ముకోవడానికి వీలుగా లేవని వీధులన్నీ చదరం చేసేశారు. వలయం పోయింది, పేరు మిగిలింది. అక్టోబరులో గుమ్మడికాయల జాతరకు మనవాళ్లు పిల్లల్ని తీసుకుని వెళ్లే సర్కిల్‌విల్ ఇదే.

ఇప్పుడు మన వేదికల దగ్గరికి రండి. "మయసభ కట్టిన మయుడి వంశమే మాయన్లు" అని చెప్పే ప్రవచనకర్తలకు మైకు ఇస్తున్నాం. ఆట్‌వాటర్ రెండు వందల ఏళ్ల కిందట చెప్పిందానికీ దీనికీ తేడా నాకైతే కనిపించదు. మయుడు సముద్రాలు దాటి వెళ్తే కూడా ఒక ఎద్దును తీసుకెళ్లలేదా? ఒక బండిని? గుప్పెడు వడ్లను? కొలంబస్ కంటే ముందు ఆ నేలలో వీటి జాడే లేదు. మాయా భాషలు ముప్పై దాకా ఉన్నాయి, వాటిని మాట్లాడేవాళ్లు ఇప్పటికీ లక్షల్లో ఉన్నారు. గ్వాటెమాలాలో, యుకటాన్‌లోనే కాదు, మన ఊళ్లలో రెస్టారెంట్ల వంటగదుల్లో, ఇళ్ల కప్పులు వేసే పనుల్లోనూ ఉన్నారు. వాళ్ల తాతలు సొంతంగా సున్నా కనిపెట్టారు, శుక్రగ్రహం 584 రోజుల చుట్టును పట్టికలు వేశారు. అవి రాసిన పుస్తకాల్ని 1562లో మనీ అనే ఊళ్లో డియేగో డె లాండా అనే మతగురువు కుప్ప పోసి తగలబెట్టించాడు. ఇప్పుడు లోకం మొత్తం మీద మిగిలిన మాయా పుస్తకాలు నాలుగు. స్ప్రింగ్ బ్రేక్‌కి కాన్‌కూన్ వెళ్లి, ఒక పూట చిచెన్ ఇట్సా చూసి, "మాయన్లు ఎలా మాయమయ్యారో" అని ఫేస్‌బుక్‌లో పెట్టే ముందు, మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్లిన వ్యాను డ్రైవరు ఇంట్లో ఏ భాష మాట్లాడతాడో అడిగి చూడండి.

ఫీనిక్స్ సంఘం వారికి విడిగా ఒక మాట. స్కై హార్బర్‌లో విమానం దిగుతుంటే పక్కనే సెదవ్ వాకి మ్యూజియం ఉంటుంది. 2023 దాకా దాని పేరు ప్యూబ్లో గ్రాండె. అక్కడ ఎండలో, విమానాల మోతలో, చూడటానికి వట్టి గాడిలా కనిపించేది వెయ్యేళ్ల నాటి పెద్ద కాలువ. హొహొకం ప్రజలు సాల్ట్ నది లోయలో వందల మైళ్ల కాలువలు తవ్వారు. పనిముట్లు కర్ర గునపాలు, రాతి పారలు. కాలువ పని తెలిసినవాళ్లకు అసలు చిక్కు ఏమిటో తెలుసు: వాలు ఎక్కువైతే నీళ్లు గట్టును కోసేస్తాయి, తక్కువైతే పూడిక పడుతుంది. వాళ్లు మైలుకు ఒకటి రెండు అడుగుల వాలు పట్టుకుని మైళ్లకు మైళ్లు నీళ్లు నడిపించారు. పెద్దకాలువ నుంచి పిల్లకాలువలు, అక్కడి నుంచి చేను. పత్తి, మొక్కజొన్న, చిక్కుళ్లు పండించారు. ఎవరి వంతు ఎప్పుడో చూసేందుకు మన నీరటి వంటివాడు ఎవరో ఉండే ఉంటాడు, లేకపోతే అంత కాలువ వెయ్యేళ్లు నడవదు. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి గర్వంగా చెప్పుకునే జనం ఆ గాడి పక్క నుంచి అద్దెకారులో వెళ్లిపోతున్నారు.

1867లో జాక్ స్విల్లింగ్ అనేవాడు వచ్చి ఈ పాతకాలువల వెంటే కొత్తకాలువ తవ్వించాడు. పాత నాగరికత బూడిద నుంచి లేచిన ఊరని దానికి ఫీనిక్స్ అని పేరు పెట్టారు. బూడిదేమీ కాలేదు. ఆ వారసులు అకిమెల్ ఓఓధమ్, తొహోనో ఓఓధమ్ ప్రజలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గిలా నది మీద కొత్తగా వచ్చినవాళ్లు ఎగువన నీళ్లు మళ్లించుకుంటే దిగువన వీళ్ల పంటలు ఎండి కరువు పడింది. నీటిలో వాళ్ల వాటా తేల్చిన చట్టం 2004లో గానీ రాలేదు. కృష్ణా జలాల పంచాయితీ తెలిసిన మనకు ఎగువ దిగువ గొడవ ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అట్లాంటా వాళ్లకు గంట దూరంలో ఎటొవా దిబ్బలున్నాయి. డల్లాస్ వాళ్లకు తూర్పు టెక్సస్‌లో క్యాడో దిబ్బలున్నాయి. బే ఏరియా వాళ్లయితే మరీ దగ్గర: ఎమరీవిల్‌లో ఐకియాకు వెళ్లే వీధి పేరు షెల్‌మౌండ్. ఓలోనీ ప్రజలు వేల ఏళ్లపాటు తమవాళ్లను పూడ్చుకున్న గవ్వల దిబ్బ అక్కడ ఉండేది. 1924లో చదును చేశారు. దాని మీద ఇప్పుడు షాపింగ్ మాల్ ఉంది.

1924 అంటే గుర్తొచ్చింది. ఈ నేల ఆదివాసీలందరికీ అమెరికా పౌరసత్వం ఇస్తూ చట్టం వచ్చింది ఆ ఏడాదే. తమ సొంత దేశంలో. గ్రీన్‌కార్డు క్యూలో పదిహేనేళ్లుగా నిలబడ్డ మనవాళ్లకు ఈ సంగతి అందరికంటే ముందు ఎక్కాలి.

"మన పిల్లలకు మన చరిత్రే రాదు, వాళ్లది కూడా ఎక్కడ నేర్పమంటావమ్మా" అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా అనుభవంలో మాత్రం రెండూ కలిపి చెబితేనే పిల్లలకు ఎక్కుతుంది. రుద్రమదేవి 1262లో గద్దెనెక్కిందంటే ఇక్కడ పుట్టిన పిల్లకు అదొక అంకె. అదే సమయంలో కొలరాడోలో, మీరు పోయిన వేసవిలో చూసొచ్చిన మీసా వర్డే కొండచరియల్లో జనం కాపురాలున్నారంటే ఆ అంకెకు ఒక చోటు దొరుకుతుంది. తెలుగు బడి గోడ మీద రెండు వరసల కాలపట్టిక పెట్టండి. పైన మనవాళ్లు, కింద వీళ్లు. అందుకు అయ్యే ఖర్చు ఒక చార్టు, నాలుగు స్కెచ్ పెన్నులు.

భోజనాల హాలు సంగతి ఎత్తకుండా ఉండలేను. మిరపకాయ, వేరుశనగ, టమాటా, బంగాళదుంప, మొక్కజొన్న, జీడిపప్పు, జామ, బొప్పాయి, సీతాఫలం అన్నీ ఈ ఖండాల రైతులు పండించి ఇచ్చినవేనని ఇప్పటికి చాలామందికి తెలిసింది. పొద్దుతిరుగుడు సంగతి మాత్రం తెలియదు. దాన్ని నాలుగు వేల ఏళ్లకు పైగా కిందట పంటగా మలిచింది ఇక్కడే, తూర్పు అమెరికాలోనే, ఈ దిబ్బల ప్రాంతపు జనమే. మన చక్రవర్తికూరకు దగ్గరి చుట్టమైన ఒక మొక్కను కూడా గింజల కోసం సాగు చేశారు. విందులో గారెలు వేగిన నూనె డబ్బా మీద పసుపు పువ్వు బొమ్మ ఉంటుంది. ఆ పువ్వు చరిత్ర రెండు వందల యాభై ఏళ్లది కాదు.

ఇక ఏం చేయాలంటే, ముందుగా ఉపన్యాసకులకు పంపే ఈమెయిల్‌లో ఒక్క వాక్యం చేర్చండి, ఆ మాట అనొద్దని. రాజకీయాలు మాట్లాడొద్దని రాస్తున్నారు కదా (వినేవాళ్లు తక్కువే అనుకోండి), దాని కిందే ఇది. చిన్నపిల్లల డాన్సుల్లో ఆన్‌లైన్‌లో తెప్పించిన రంగురంగుల ఈకల కిరీటాలు, బుగ్గల మీద గీతలు, నోటి మీద చెయ్యి కొట్టుకుంటూ కేకలు, ఇవి ఆపండి. గద్ద ఈక ఇక్కడి ఎన్నో జాతుల్లో పెద్దలు ఇచ్చే గౌరవం, సంపాదించుకోవలసినది. మన సినిమాల్లో కోయవాళ్లను అలా గంతులేయించడం అలవాటై, ఆ అలవాటునే ఇక్కడికీ మోసుకొచ్చాం. ఒకసారి అలాంటి పాట ఎంచుకున్న తల్లికి నేను మెల్లగా చెప్పాను. ఆమె బాధపడింది, వెంటనే మార్చింది. కమిటీయే ముందు చెప్పి ఉంటే ఆ ఇబ్బంది ఇద్దరికీ తప్పేది.

మహాసభ ఏ ఊళ్లో జరిగితే ఆ నేలకు చెందిన జాతి నుంచి ఒకరిని పిలవండి. ఒసేజ్, షానీ, గిలా నది వారు, ఇలా ప్రతి జాతి ప్రభుత్వానికీ చరిత్ర, సంస్కృతి వ్యవహారాలు చూసేవాళ్లు ఉన్నారు. ఉత్తరం రాస్తే జవాబిస్తారు. పిలిచి స్వాగతం చెప్పించి రెండు నిమిషాల్లో శాలువా కప్పి పంపేయొద్దు. ముప్పావు గంట సమయం ఇవ్వండి, పారితోషికం ఇవ్వండి. హీరోయిన్‌కు బిజినెస్ క్లాసు ఇచ్చేచోట చరిత్రకారుడికి మామూలు టికెట్టూ హోటలూ ఇవ్వలేమా? ఆ గంటలో పక్క హాల్లో అన్‌లిమిటెడ్ బిర్యానీ పెట్టకుండా చూడటం ఇంకా ముఖ్యం.

కొలంబస్ సంఘానికి నా వంతుగా ఒకటి చెబుతున్నాను. ఈ వేసవిలో న్యూఆర్క్‌కు బస్సు పెడితే దారి చూపించడానికీ, పిల్లలకు తెలుగులో చెప్పడానికీ నేను వస్తాను. ముందు గ్రేట్ సర్కిల్ దగ్గరికి వెళ్దాం, అక్కడ మ్యూజియం ఉంది, బాత్రూములున్నాయి. తర్వాత అష్టభుజి. నీళ్లూ టోపీలూ తెచ్చుకోమనండి, నీడ తక్కువ. పులిహోర పొట్లాలు బస్సులోనే తినేద్దాం. గోడల మీదికి ఎవరూ ఎక్కకూడదు, పిల్లలకు ఆ సంగతి బస్సు దిగకముందే చెబుతాను. పెద్దవాళ్లకు మీరు చెప్పండి.

ఇట్లు,
మీ సంఘంలో జీవితకాల సభ్యురాలు,
కొలంబస్, ఒహాయో